కురుమయ్య బయట కూసున్న పూట

మొన్న కట్టంగూరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకామె మా ఊరి ముచ్చట నాకే చెప్పవట్టింది. నేను ఆ ఊరిదాన్నని ఆమెకు తెల్వదు. నేను గూడ చెప్పలే. చెప్తే ముచ్చట ఆగిపోతదని ఊకున్న.

"గా ఊర్ల కురుమయ్య అని ఒకాయన ఉన్నడట. సంఘం బండి తన పెండ్లాంకు కట్టొద్దని ఎడ్లకు అడ్డం నిలబడ్డడట. రూలు రూలే అన్నడట. ఆమె ఇంట్లనే పానం ఇడిసిందట" అన్నది.

పక్కన మూట మీద కూసున్న ముసలాయన, "గసొంటి మనిషి ఇయ్యాల రేపు దొరకడు" అన్నడు.

"గసొంటి మొగడు ఎవ్వలికి దొరకొద్దు" అన్నది ఆమె.

ఒకలు మెచ్చుకున్నరు, ఒకలు తిట్టిన్రు. నమ్మింది మాత్రం ఇద్దరు ఒక్కటే. అది జరగలే. కురుమయ్య ఎడ్లకు అడ్డం నిలబడలే. రూలు రూలే అనలే. ఆయన పెండ్లాం ఈదమ్మ పానం పోయింది ఇంట్ల కాదు. ఈ మాట చెప్దామని నేను నోరు తెరిసే యాళ్లకు బస్సు వచ్చింది, ఇద్దరు ఎక్కిపోయిన్రు.

గందుకే రాస్తున్న. నేను చదివింది నాలుగో తరగతి దాకనే. కాని ఈ ముచ్చట నాకు తెలిసినట్టు ఇంకొకలికి తెల్వదు. సంఘం పెద్దలు కూసునేది మా ఇంట్ల, ముందటి అర్రల. ఆ అర్రకు, మా వంటింటికి నడుమ వెదురు తడక ఒక్కటే అడ్డం. తడక కాడ కూసుంటే లోపలి మాటలు ఇనొస్తయ్. వంటింటి కిటికీ కాడ నిలబడితే వాకిట్ల మెట్లు అవుపడతయ్. నేను ఆ రెండు జాగల నడుమ తిరుగుకుంటనే ఇరవై ఏండ్లు వంట చేసిన. "పోలీసులు గూడ ఇన్ని సవాళ్లు అడగరే" అంటడు మా ఇంటాయన.

కురుమయ్యది గొర్లు కాసే ఇల్లు. తండ్రి పోయిన నాడు ఆయనకు పన్నెండేండ్లు. సొంత గొర్లు కొన్నే, ఊరోళ్లు కాయమని ఇచ్చినయే ఎక్కువ. ఎండకాలం మా దిక్కు మేత ఉండదు. మంద తోలుకొని మూసి ఒడ్డుకు పోతే వానలు పడ్డంకనే తిరిగొచ్చుడు. ఆ మూడు నెలలల్ల ఊరోళ్ల గొర్రె ఒకటి సస్తే ఎవ్వలు చూడొచ్చిన్రు? తోడేలు ఎత్కపోయిందంటే అయిపాయె. కురుమయ్య మాత్రం సచ్చిన గొర్రె చెవి కోసి, ఉప్పు రాసి ఎండబెట్టి, గొంగడి కొంగున కట్టుకొని తెచ్చేటోడు. చెవి మీద ఏ ఇంటి గాటు ఆ ఇంటిది ఉంటది గద. ఎవ్వలి గొర్రె అయితే వాండ్ల చేతుల పెట్టి, "గిది పోయింది" అని చెప్పి పోయేటోడు. మా అత్తకు ఒకపారి రెండు చెవులు తెచ్చిచ్చిండు. వాటిని ఏం చెయ్యాల్నో తెల్వక ఆమె చూరుల చెక్కింది. ఆమె పోయి ఎన్నేండ్లాయెనో, చెవులు ఇంక గాడనే ఉన్నయ్.

ఆయన పెండ్లాం ఈదమ్మ. పిల్లలు కాలే. ఎందుకు కాలేదని నేను చాన సార్లు అడిగిన, నవ్వేది. ఆ ఇంట్ల ఇద్దరి మాటలు ఆమెనే మాట్లాడేది. ఉప్పు కావాల్నన్నా, ఎడ్లు కావాల్నన్నా, ఎవ్వలింటికన్న పోయి అడుగుడు ఈదమ్మ పని. "మా ఆయన అడగడు, నేను అడగకుంటే ఇద్దరం ఉపాసమే" అనేది. కురుమయ్య ఒకలింటి ముందట నిలబడి ఏదన్న అడగంగ నేను చూసింది లేదు. ఇచ్చుడుకే వచ్చేటోడు, చెవులైనా సరే.

పందొమ్మిదొందల యాభై ఆరుల మా ఊరి పిల్లగాండ్లు ఇరవై మంది కలిసి యువజన సంఘం పెట్టిన్రు. ఎండకాలం రోడ్డు మీద చలివేంద్రం పెట్టేటోళ్లు. గుట్ట జాతరకు పోయి యాత్రికులకు నీళ్లు పోసేటోళ్లు. నాగలి పట్టే పెద్దోళ్లకు అక్షరాలు చెప్పేటోళ్లు. అన్నిటికన్న పెద్ద పని దవాఖాన బండి. అంతకు ముందు మా ఊర్ల ఎవ్వలికన్న రోగం ముదిరితే మంచం మీద పండవెట్టి, నలుగురు మోసుకొని రెండు కోసులు నడిసి కట్టంగూరు రోడ్డు ఎక్కేది. గాడికెల్లి బస్సో లారీయో దొరికితే నల్లగొండకు. పిల్లగాండ్లు ఇల్లిల్లు తిరిగి కట్టె అడిగి తెచ్చి, వడ్లాయనతోని బండి చేయించి, పైన తడకతోని గుడిసె కట్టిన్రు. ఎడ్లు ఇంటికొక జత, వంతుల ప్రకారం.

బ్లాకు ఆఫీసుకెల్లి ఒకాయన వచ్చి, సంఘం రిజిస్టరు కావాలంటే పైన అయిదుగురు ట్రస్టీలు ఉండాలె, వాండ్లు జీతం బత్తెం లేకుంట చెయ్యాలె, అయిదుగురు కూసుంటేనే మాట చెల్లాలె అని చెప్పిపోయిండు. ట్రస్టీలు అనేది మా ఊర్ల ఎవ్వలి నోటికి పట్టలే, పెద్దలు అన్నరు. మా ఇంటాయన ఒకడు. బడి సారు గోపయ్య ఒకడు, రాసుడు ఆయన పని. రైతు పర్వతాలు ఒకడు. మందలు కాసే ఎల్లస్వామి ఒకడు. అయిదో మనిషి కురుమయ్య. ఆయన పేరు చెప్పింది పిల్లగాండ్లే. "చెవులు తెచ్చిచ్చే మనిషి ఒకడు ఉండాలె" అన్నరు.

నెలకొక్కపారి, పున్నమి నాడు, పొద్దు ఉండంగనే కూసునేటోళ్లు. ఎల్లస్వామి గొంగడి పరిచేది. సారు పుస్తకం తెరిసి తారీకు రాసేది. సంఘానిది చాయ్ గూడ తాగొద్దని మొదటి నాడే రాసుకున్నరు. గందుకని మా ఇంటి సల్ల తాగేటోళ్లు. పిల్లగాండ్లు వాకిట్ల కూసుని పిలుపు కోసం చూసేటోళ్లు. బంతాట వల కావాలె అని వాండ్లు, లాంతరు కావాలె అని వీండ్లు మూడు పున్నములు కొట్లాడిన్రు. "పొద్దుందాక బంతి, పొద్దు పోయినంక అక్షరాలు, రెండు కావాలె" అన్నడు కురుమయ్య. ఆ ఏడాది ఆయన మాట్లాడింది గదొక్కటే అనుకుంట.

కాని అయిదుగురు కూసునుడు ఎట్ల? మంద తోలుకపోయినోళ్లు మూడు నెలలు ఊర్ల ఉండరు గద. దానికి ఉపాయం కురుమయ్యనే చెప్పిండు. వాండ్ల కులం పంచాయితీల, మందతోని పోయే మనిషి తన కర్రను ఇచ్చి పోతడు. కూసున్న నాడు ఆ కర్రను గొంగడి మీద ఆయన జాగల పెడతరు. కర్ర ఉంటే మనిషి ఉన్నట్టే. తక్కినోళ్లు ఏదంటే కర్ర గదే అన్నట్టు. సారుకు ఇది బాగ నచ్చింది. "హాజరు: ముగ్గురు, కర్రలు రెండు" అని రాసేటోడు. చూసి చూసి మావోళ్లు గూడ నేర్చుకున్నరు. మా ఇంటాయన గుట్టకు పోతే కర్ర పెట్టి పోయిండు. సారుకు కర్ర లేదు, సూర్యాపేటకు పోయిన నాడు గొడుగు పెట్టి పోయిండు. గొడుగు చెల్లుతదా చెల్లదా అని ఆ పున్నమంత మాట్లాడిన్రు. చెల్లుతదన్నరు.

నాలుగేండ్లు గట్లనే నడిసింది. అరవైల పర్వతాలు బిడ్డ పెండ్లి వచ్చింది. ఆ పున్నమికి గొంగడి మీద మనుషులు ఇద్దరే, పర్వతాలు, సారు. మిగిలినయి మూడు కర్రలు. సంఘం బండి, పన్నెండు మంది పిల్లగాండ్లు మూడు దినాలు పెండ్లి పనికి అని రాసుకున్నరు. నేను తడక ఇవతలికెల్లి, "కర్రలు ఏమంటున్నయ్ పర్వతాలూ?" అని అడిగిన.

"నీ లెక్క అడ్డం మాట్లాడుతలేవు వదినె" అన్నడు.

ఆ మూడు దినాలల్లనే ఒక పొల్లకు నొప్పులొచ్చినయ్. బండి పెండ్లి కూరగాయలకు పోయింది. మంచం మీద మోసుకపోయిన్రు. తల్లి బతికింది, పిల్ల బతికింది. ఊరు మాత్రం మరిసిపోలే.

వానలు పడ్డంక కురుమయ్య మందతోని తిరిగొచ్చిండు. పున్నమికి కూసున్నడు. సారు గడిసిన నెలలయి చదివి ఇనిపిచ్చిండు.

"గా పున్నమికి నా కర్ర ఏమన్నది?" అన్నడు కురుమయ్య.

"ఒప్పుకున్నది" అన్నడు సారు.

"దానికి నోరెప్పుడు వచ్చింది?"

ఎవ్వలు నవ్వలే. నవ్వేటట్టు ఆయన గూడ అనలే. మెల్లగ అన్నడు. తర్వాత ఆయన చెప్పుకుంట పోతుంటే సారు రాసుకుంట పోయిండు. కర్ర కూసుంటది, మాట్లాడది. పెద్దలల్ల ఎవ్వలింటికన్న బండి కావాల్నన్నా, పిల్లగాండ్లు కావాల్నన్నా, ఆ మనిషి సంగతేందో ఒక్క మాట చెప్పి బయటకు పోవాలె. తక్కిన నలుగురు నోటితోని అవునంటేనే ఇయ్యాలె. ఆ లెక్కల కర్ర రాదు, గొడుగు రాదు. అందరు ఒప్పుకున్నరు. పర్వతాలు గూడ తల దించుకొని సంతకం చేసిండు. కురుమయ్య, ఎల్లస్వామి ఏలిముద్రలు ఏసిన్రు.

ఇంక రెండేండ్లు పోయినయ్. అరవై రెండు, వైశాఖ మాసం. ఆ ఏడు కురుమయ్యకు మోకాలు వాచి మందతోని పోలే. తన గొర్లను గూడ ఎల్లస్వామికే అప్పజెప్పిండు. ఎల్లస్వామి కర్రను మా అర్రల గోడకు ఆనిచ్చి, మూసి ఒడ్డుకు పోయిండు. ఊర్ల బండ్లన్ని ఒకింటి పెండ్లికి తిర్మలగిరికి తరలినయ్. మా బండిని గూడ మా మరిది కట్టుకపోయిండు. ఊర్ల మిగిలింది సంఘం బండి ఒక్కటే.

ఈదమ్మకు రెండు దినాలకెల్లి కడుపునొప్పి. వాము నీళ్లు తాగింది. పక్కింటి జానమ్మ బొడ్డు చుట్టు ఇంగువ రాసింది. మూడో నాడు తెల్లారేసరికి కడుపు చెక్క లెక్క బిగిసింది, చెయ్యి పెట్టనియ్యలే. "దవాఖానకు తీస్కపో" అన్నది జానమ్మ.

కురుమయ్య మోకాలు ఈడ్చుకుంట మా ఇంటికి వచ్చిండు. మా ఇంటాయన సారుకు, పర్వతాలుకు కబురు పంపితే ఇద్దరు జల్దినే వచ్చిన్రు. ఆలస్యం చేసిన్రని అనను. గొంగడి పరిచిన్రు. ఎల్లస్వామి కర్రను ఆయన జాగల పెట్టిన్రు. కురుమయ్య తన జాగల కూసోలే, నిలబడే అన్నడు.

"ఈదమ్మకు బాగలేదు. బండి సంగతి చూడున్రి."

గంతే. రాసుకున్న ప్రకారం బయటకు పోయి మెట్ల మీద కూసున్నడు. అప్పటికి పొద్దు బారెడు ఎక్కింది. సంఘం పిల్లగాండ్లు బండి తెచ్చి మా వాకిట్ల నిలబెట్టిన్రు. ఎడ్లు కట్టే ఉన్నయ్. వాటికి ఇంత గడ్డి ఏసిన్రు.

లోపల సారు తారీకు రాసిండు. "హాజరు: ముగ్గురు, కర్ర ఒకటి" అని రాసి, పెన్ను పట్టుకొని కూసున్నడు.

"నలుగురు నోటితోని అనాలె" అన్నడు. "మనం ముగ్గురమే."

"ఈ ఒక్కపారికి కర్రను లెక్క పడదాం" అన్నడు మా ఇంటాయన.

"నా బిడ్డ పెండ్లికి కర్రకు నోరు లేదంటిరి" అన్నడు పర్వతాలు. "ఇప్పుడు మొలిసిందా?"

"పెండ్లి ఏరు, రోగం ఏరు పర్వతాలూ."

"నేను కాదంటలేను. ఇయ్యొద్దని గూడ అంటలేను. రూలు చెప్పింది ఆయన. ఆయననే వచ్చి, ఈ ఒక్కపారికి ఇడిసిపెట్టున్రి అని ఒక్క మాట అనని. మీ ఇద్దరి కన్న ముందు నేను అవునంట."

"అయితే పిలుద్దాం" అన్నడు మా ఇంటాయన.

సారు తల అడ్డం ఊపిండు. "బయటకు పోవాల్నని రాసి, మల్ల మనమే లోపలికి పిలిస్తే రాసిందెందుకు? ఆయనంతల ఆయన వస్తే అది ఏరే."

"వస్తడు తియ్యి" అన్నడు పర్వతాలు. "పెండ్లాం పండుకోనుంటే ఎంతసేపు కూసుంటడు?"

గట్ల అనుకొని ముగ్గురు కూసున్నరు. ముగ్గురు చెడ్డోళ్లు కాదు. రోగం ఎంత ముదిరిందో వాండ్లకు తెల్వదు. జ్వరమొచ్చినా బాగలేదనే అంటరు, కాలు బెణికినా బాగలేదనే అంటరు. కురుమయ్య ఇంక రెండు మాటలు చెప్పి ఉంటే ముగ్గురు గాబరగ లేచేటోళ్లే. ఒక్క మాట చెప్పి పోవాల్నని రాయించింది ఆయననే. ఆ ఇంట్ల అడిగే మనిషి మంచంల ఉన్నది.

నేను కిటికీ కాడికి పోయి చూసిన. కురుమయ్య ఎడ్ల దిక్కు చూసుకుంట కూసున్నడు. ఎడ్లు గడ్డి మేస్తున్నయ్. తడక కాడికి వచ్చి ఇన్న. ఎండలు ఈ ఏడు ఎక్కువున్నయని మాట్లాడుతున్రు. మల్ల కిటికీ కాడికి పోయిన. పొయ్యి మీద పప్పు పెట్టిన. అటు ఇటు నాలుగైదు సార్లు తిరిగిన.

ఎండ మెట్ల మీదికి వచ్చింది. పాపం నెత్తి మీద ఎండ పడుతుందని చెంబుతోని నీళ్లు తీసుకొని పక్క దర్వాజకెల్లి పోయిన. నేను పోయేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నడు. నన్ను చూసి మర్యాదకు లేచిండనుకున్న.

"తాగు కురుమయ్యా, లోపల ఇంక మాట్లాడుతున్రు" అన్న.

చెంబు ఎత్తి, పెదవులకు తగలకుంట తాగిండు. చెంబు నా చేతికి ఇచ్చి కూసున్నడు. నేను తిరిగి తడక కాడికి వస్తే లోపల ఎవ్వలు ఏం మాట్లాడుతలేరు. సారు పెన్ను మూత తీస్తుండు, పెడుతుండు.

మంచం మీద మోసుకపోదామని ఎవ్వలికి తట్టలే. నాకు గూడ తట్టలే. బండి వచ్చి ఆరేండ్లాయె, పర్వతాలు బిడ్డ పెండ్లికి తప్పితే మంచం ఎత్తింది లేదు. వాకిట్ల బండి కట్టే ఉన్నది గద.

పొద్దు నడినెత్తికి వచ్చే యాళ్లకు జానమ్మ ఉరికొచ్చింది. కట్టిన బండిని చూసింది, మెట్ల మీద మనిషిని చూసింది.

"ఇంక గీడనే ఉన్నవా?" అన్నది. "పచ్చగ కక్కుతాంది. పిలిస్తే పలుకుతలేదు."

పిల్లగాండ్లు ఎవ్వలిని అడగలే. బండి తోలుకపోయిన్రు. కురుమయ్య కుంటుకుంట ఎనక పోయిండు. లోపలి ముగ్గురు వచ్చి దర్వాజల నిలబడ్డరు. అవునని ఎవ్వలు అనలే, కాదని ఎవ్వలు అనలే. పుస్తకంల ఆ తారీకు కింద హాజరు ఒక్కటే ఉన్నది, దాని కింద ఖాళీ. నేను మొన్న తీసి చూసిన, ఇప్పటికి గట్లనే ఉన్నది.

కట్టంగూరు రోడ్డు ఇంక పావు కోసు ఉందనంగ, వాగు మీది కల్వర్టు కాడ ఈదమ్మ పోయింది. బండి తోలినాయన చెప్పిండు నాకు. గుడిసె లోపల ఆమె తలకాయ ఒళ్లె పెట్టుకొని కూసున్న కురుమయ్య, "ఇగ మలుపు" అన్నడట. పిల్లగాండ్లు నమ్మక, రోడ్డు దాక పోయి చూద్దామన్నరట. "ఎడ్లకు తిప్పలు ఎందుకు" అన్నడట.

దినాలు అయినంక వచ్చిన పున్నమికి ఆయన వస్తడో రాడో అని నేను సల్ల జర తక్కువ చిలికిన. వచ్చిండు. తన జాగల కూసున్నడు. ఎల్లస్వామి గూడ, కబురు తెలిసి మందను తమ్మునికి అప్పజెప్పి వచ్చిండు. తన కర్రను చేతుల పట్టుకొని, "మూసి ఎంత దూరమని, ఒక్క మనిషిని సైకిల్ మీద పంపితే నేను రాకపోదునా?" అన్నడు.

సారు పుస్తకం తెరిసి, గా రాసిన మాటను ఒక్కపారి చూసుకోవాలె అన్నడు. కురుమయ్య లేచిండు.

"ఇది నా ఇంటి ముచ్చట. నేను బయట కూసుంట."

"వద్దు కురుమయ్యా, కూసో" అన్నడు మా ఇంటాయన. ఇనలే. పోయి గా మెట్ల మీదనే కూసున్నడు. ఈసారి లోపల ఎక్కువసేపు పట్టలే, ఒక గలాసు సల్ల తాగేటంత. రోగమొచ్చిన ఇంటికి బండి అడగకుంటనే పోవాలె, పెద్దల ఇల్లైనా సరే, కూసునుడు తర్వాత. గా మాట ముందుగాల అన్నది పర్వతాలు. కురుమయ్యను పిలిచి చదివి ఇనిపిచ్చిన్రు. "మంచిది, ముద్ర ఏడ ఎయ్యాలె?" అన్నడు.

అప్పటికెల్లి బండి ఎవ్వలి కోసం ఆగలే. పర్వతాలు తన వంతు కాని నాడు గూడ ఎడ్లు పంపుతడు. కురుమయ్య ఒక్క పున్నమి గూడ తప్పలే. ఇద్దరు గొంగడి మీద పక్కపక్కనే కూసుంటరు, బీడీకి అగ్గి ఇచ్చుకుంటరు. ఎవ్వలన్న కొట్లాడుతరేమో అని నేను తడక కాడ చాన దినాలు చూసిన. ఏం కాలే. సల్ల తాగుతరు, పోతరు.

అరవై ఆరుల సంఘానికి పదేండ్లు నిండితే బడి ముందట పందిరి ఏసిన్రు. బ్లాకుకు కొత్తగ వచ్చిన ఆఫీసరు మాట్లాడిండు. ఆయనకు ఎవ్వలు ఏం చెప్పిన్రో తెల్వదు. "తన ధర్మపత్ని ప్రాణం కన్న సంఘ నియమమే గొప్పదని బండిని ఆపిన త్యాగమూర్తి" అని కురుమయ్యను పిలిచి పూలదండ ఏసిండు. అందరు చప్పట్లు కొట్టిన్రు. సారు నేల దిక్కు చూసిండు, మా ఇంటాయన తువ్వాల సదురుకున్నడు. కురుమయ్య దండ మెడలనే ఉంచుకొని ఇంటికి పోయిండు. తెల్లారి నేను అటు పోతే ఆయన గొర్లు ఆ దండను మేస్తున్నయ్. బస్సు కాడ నేను ఇన్న ముచ్చట గా చప్పట్లకెల్లి పుట్టిందే.

ఈ నాలుగైదేండ్లల్ల నేను అందరిని అడిగిన. సారును అడిగితే పుస్తకం చూపిచ్చిండు. పర్వతాలును అడిగితే, "ఆయన రాకపాయె వదినె" అన్నడు. మా ఇంటాయనను అడిగితే మూడు దినాలు నాతోని మాట్లాడలే. అడగంది ఒక్క కురుమయ్యనే. చుట్టు తిరిగి అడిగిన, మోకాలు ఎట్లుంది, ఏం వండుకున్నవ్, ఒక్కనివే ఎట్ల ఉంటున్నవ్ అని. గా మాట మాత్రం నాకే నోటికి రాలే.

బస్సు కాడ గట్ల ఇన్న తెల్లారి ఆయన ఇంటికి పోయిన. వాకిట్ల కూసుని కదురుతోని ఉన్ని వడుకుతుండు. గది ఈదమ్మ కదురే. నాకు పీట ఏసిండు. రాత్రి జొన్న గట్క మిగిలిందని, గొర్లకు గూడ ఇంత పెట్టిన అన్నడు.

"కురుమయ్యా, ఒక్క మాట అడుగుత, తప్పు పట్టుకోకు" అన్న.

"నువ్వు అడగని దినమేది అక్కా" అన్నడు.

బస్సు కాడ ఇన్నది చెప్పిన. ఆయన కదురు ఆపలే.

"అది అబద్దమని నాకు తెలుసు. నువ్వు వచ్చినవ్, చెప్పినవ్, బయట కూసున్నవ్. లోపలోళ్లు నీ కోసమే చూసిన్రు. నువ్వు ఒక్కపారి లేచి లోపలికి వస్తే మారు మాట లేకుంట ఇచ్చేటోళ్లు. బారెడు పొద్దు నుంచి నడినెత్తి దాక గట్ల ఎట్ల కూసున్నవ్? ఎందుకు లేవలే నువ్వు?"

కదురు తిరిగి తిరిగి దానంతల అదే ఆగింది. ఆయన పోగును మెల్లగ దానికి చుట్టిండు.

"లేచిన అక్కా" అన్నడు. "లోపలికి పోదామనే లేచిన. గప్పుడే నువ్వు నీళ్లు తెచ్చినవ్. ఇంక మాట్లాడుతున్రు అన్నవ్. సరే అని, తాగి మల్ల కూసున్న."